ఒక్క గోల్ చాలన్నవాళ్ళు

మా పక్కింటి ఆంటీది సమోవా. ఆపియాలో పుట్టింది, పెళ్ళయ్యాక న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ వచ్చేసింది, నలభై ఏళ్ళుగా మాంగెరేలోనే ఉంటోంది. మేం ఈ ఇంట్లో దిగిన మొదటి ఆదివారం కంచె మీదుగా ఒక ఫాయిల్ పొట్లం అందించింది. విప్పితే కొబ్బరిపాలలో ఉడికి మెత్తబడిన చేమాకు. పలుసామి అంటారట దాన్ని. అది నోట్లో పెట్టుకోగానే మా అమ్మ వండే చేమాకు కూర గుర్తొచ్చి, సముద్రాల అవతల ఇంకెవరో కూడా ఈ ఆకును ఇంత ప్రేమగా వండుకుంటారా అని ఆశ్చర్యపోయాను. అప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో పొయ్యి వెలిగించడం తక్కువే.

అమెరికన్ సమోవా ఫుట్‌బాల్ జట్టు మీద తీసిన నెక్స్ట్ గోల్ విన్స్ సినిమా మా దగ్గర విడుదలైనప్పుడు ఆంటీ, ఆవిడ చెల్లెలు, చర్చి స్నేహితురాళ్ళు కలిసి ఏడుగురు బయల్దేరారు. వాళ్ళ వెనకాల నేనూ మా ఆవిడా. వరసంతా వాళ్ళదే. సినిమా మొదలైన పది నిమిషాలకే నాకు ఒక విషయం అర్థమైంది: నేను నవ్వే చోట వాళ్ళు నవ్వట్లేదు, వాళ్ళు పడి పడి నవ్వే చోట నాకు ఏం జరిగిందో తెలియట్లేదు. ఒక పాత్ర ప్రశ్నకు నోటితో జవాబివ్వకుండా కనుబొమలు ఎగరేసి ఊరుకుంటే వరసంతా గొల్లుమంది. (వాళ్ళ దీవుల్లో అవును అనడానికి అది చాలు, నోరు తెరవక్కర్లేదు. ఇది ఆంటీ తర్వాత చెప్పింది.) తెలుగు సినిమాను తెలుగు రానివాళ్ళ మధ్య కూర్చుని చూసినవాళ్ళకు ఇది తెలుసు. మనం నవ్విన రెండు సెకన్లకు, సబ్‌టైటిల్ చదువుకుని వాళ్ళు నవ్వుతారు, ఒక్కోసారి అసలు నవ్వరు. ఆ రోజు సబ్‌టైటిల్ చదువుకునే మనిషిని నేను.

ఈ సినిమాకు ఇంగ్లీషు పత్రికల్లో మంచి మార్కులు పడలేదు. పాతబడిన ఫార్ములా అన్నారు, జోకులు పేలలేదన్నారు, తెల్లవాడు వచ్చి దీవివాళ్ళను ఉద్ధరించే కథ మళ్ళీ తీశారన్నారు. ఇందులో కొంత నిజం ఉంది, దాని గురించి కింద వివరంగానే రాస్తాను. కానీ నాకు ఈ సినిమా ఇష్టం. ఇష్టం కాబట్టే దీంతో తగువు కూడా ఉంది, ఆ తగువు విమర్శకులు పెట్టుకున్న తగువు కాదు.

ముందు అసలు జరిగింది ఏమిటో చెప్పాలి, ఎందుకంటే సినిమా దాన్ని సరిగ్గా చెప్పలేదు.

2001 ఏప్రిల్ 11. ఆస్ట్రేలియాలో కాఫ్స్ హార్బర్ అనే ఊరు. 2002 ప్రపంచకప్‌కు క్వాలిఫయింగ్ మ్యాచ్. ఆస్ట్రేలియా 31, అమెరికన్ సమోవా 0. అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో ఇంతకన్నా పెద్ద ఓటమి ఇప్పటికీ లేదు. సగం ఆట అయ్యేసరికే 16-0. ఆర్చీ థాంప్సన్ ఒక్కడే 13 కొట్టాడు, ఒక అంతర్జాతీయ మ్యాచ్‌లో ఒకే ఆటగాడు కొట్టిన గోల్స్‌లో అదే రికార్డు. మైదానంలో స్కోరుబోర్డు నడిపేవాళ్ళు కూడా లెక్క తప్పి 32 అని వేశారు, తర్వాత సరిదిద్దారు. అటువైపు గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డ మనిషి పేరు నిక్కీ సలాపు.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. ఇది క్విజ్ ప్రశ్న అయిపోయింది, యూట్యూబ్‌లో నవ్వుకోవడానికి చూసే క్లిప్ అయిపోయింది. ఆ రోజు మైదానంలోకి దిగింది అసలు జట్టే కాదని మాత్రం ఎవరూ చెప్పరు. ఆ టోర్నమెంటులో ఆడాలంటే అమెరికా పాస్‌పోర్టు ఉండాలన్నారు. ఎంపిక చేసుకున్న 20 మందిలో ఆ లెక్కకు సరిపోయినవాడు సలాపు ఒక్కడే. పోనీ అండర్-20 కుర్రాళ్ళను తీసుకెళదామంటే వాళ్ళలో చాలామందికి అప్పుడే స్కూలు పరీక్షలు. చివరికి దొరికినవాళ్ళను దొరికినట్టు పోగేశారు, అందులో 15 ఏళ్ళ పిల్లలు ముగ్గురు. జట్టు సగటు వయసు 18. వాళ్ళు ఆ వారంలో ఫిజీ చేతిలో 13-0, సమోవా చేతిలో 8-0 ఓడి, కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి ఆస్ట్రేలియా ముందు నిలబడ్డారు. మూడు రోజుల తర్వాత టోంగా చేతిలో 5-0. నాలుగు మ్యాచ్‌లు, 57 గోల్స్. తిరిగి కొట్టింది సున్నా.

ఆ పాస్‌పోర్టు గొడవ ఎక్కడిదో చూడండి. సమోవా దీవులన్నీ ఒకప్పుడు ఒకే జాతి, ఒకే భాష. 1899లో జర్మనీ, అమెరికా, బ్రిటన్ కూర్చుని ఒప్పందం రాసుకుని పడమటి దీవులు జర్మనీకి, తూర్పు దీవులు అమెరికాకు అని పంచేసుకున్నాయి. పడమటివి తర్వాత న్యూజిలాండ్ చేతిలోకి పోయి, 1962లో స్వతంత్ర దేశమయ్యాయి. తూర్పువి ఇప్పటికీ అమెరికా కిందే ఉన్నాయి, టుటుయిలా దీవి, పాంగో పాంగో రేవు, అన్నీ కలిపి 50 వేల జనాభా. (పుస్తకాల్లో పాగో పాగో అని కనిపిస్తుంది, వాళ్ళ 'గ' మన 'ఙ' లాంటిది.) అక్కడ పుట్టినవాళ్ళను అమెరికా తన మనుషులంటుంది, పుట్టుకతో పౌరసత్వం మాత్రం ఇవ్వదు. జనం మాత్రం గీత అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు, అటు పిల్లను ఇటు ఇచ్చారు, ఇటువాడు అటు చేపల ఫ్యాక్టరీలో పనికి పోయాడు. ఆంటీ మాటల్లో చెప్పాలంటే, 'కుటుంబం ఒకటే, పాస్‌పోర్టులే రెండు.' ఎవరో ముగ్గురు బల్ల మీద గీసిన గీత నూటరెండేళ్ళ తర్వాత ఒక ఫుట్‌బాల్ జట్టు ఎంపికలో అడ్డొచ్చి పడింది. నా దృష్టిలో ఆ 31 గోల్స్‌లో సగం ఆ గీత కొట్టినవే.

సినిమాతో నా మొదటి తగువు ఇక్కడే. సినిమా ఆ 31-0 ను మొదట్లోనే చూపిస్తుంది, బంతి మళ్ళీ మళ్ళీ వలలో పడుతుంటే హాలంతా నవ్వుతుంది. పాస్‌పోర్టుల సంగతి తెలియకుండా ఆ దృశ్యం చూసిన మనిషి ఏమనుకుంటాడు? పాపం మంచివాళ్ళు, అమాయకులు, ఆట రాదు అనుకుంటాడు. ఆట రాక ఓడిపోవడం వేరు, ఆడాల్సినవాళ్ళను ఆడనివ్వక ఓడిపోవడం వేరు. ఒక్క నిమిషం, ఒక్క డైలాగు, ఒక పాత్ర చేత 'ఆ రోజు మన జట్టులో సగం మందికి మీసాలు కూడా రాలేదు' అనిపించినా చాలు, ఆ నవ్వు రంగు మారిపోయేది. కామెడీ ఏమీ తగ్గేది కాదు.

ఇక 2011. ఫిఫా ర్యాంకుల్లో అట్టడుగున, 204వ స్థానంలో కూర్చున్న జట్టు. అంతకు రెండేళ్ళ ముందే, 2009 సెప్టెంబరు 29న వచ్చిన సునామీ పాంగో పాంగో రేవును ఊడ్చేసింది, ఆ చిన్న దీవిలోనే ముప్పైమందికి పైగా పోయారు. అలాంటి చోటికి థామస్ రోంగెన్ అనే కోచ్ వచ్చాడు. పుట్టింది నెదర్లాండ్స్‌లో, కోచ్‌గా పేరు తెచ్చుకుంది అమెరికాలో. టోర్నమెంటుకు ఉన్నది మూడు వారాలు. నవంబరు 22న, ఆపియాలో, టోంగా మీద 2-1. రమిన్ ఒట్ మొదటి గోల్, షాలోమ్ లువాని రెండోది. ఫిఫా గుర్తించిన మ్యాచ్‌లలో అమెరికన్ సమోవాకు అదే మొదటి గెలుపు. ఈ మూడు వారాలనే మైక్ బ్రెట్, స్టీవ్ జేమిసన్ అనే ఇద్దరు డాక్యుమెంటరీగా తీశారు, 2014లో వచ్చింది, పేరు అదే. టైకా వైటీటీ దాన్ని పట్టుకుని 2023లో ఈ కామెడీ తీశాడు.

వైటీటీ తండ్రి వైపు నుంచి మావోరి. ఇది చిన్న విషయం కాదు. ఈ దీవుల మీద హాలీవుడ్ వందేళ్ళుగా సినిమాలు తీస్తూనే ఉంది, వాటిల్లో దీవివాళ్ళు పూలదండ వేస్తారు, నడుం ఊపుతారు, లేదా ఈటె పట్టుకుని పొదల్లోంచి దూకుతారు. వాళ్ళు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం ఎవరూ చూపించలేదు. ఈ సినిమాలో తావిటా అనే పాత్ర ఉంది, ఫుట్‌బాల్ సంఘం పెద్ద, టీవీ కెమెరామన్, హోటలు కూడా నడుపుతాడు, చిన్న దీవిలో ఒకే మనిషి నాలుగు పనులు చేయకపోతే ఊరు నడవదు కాబట్టి. పందెం ఓడిపోయినందుకు అతని ముఖం మీద ఆడవాళ్ళ రొమ్ముల బొమ్మ గీస్తారు, ఆ ముఖంతోనే అతను అందరి ముందూ తిరుగుతాడు. ఆ పాత్ర వేసింది ఆస్కర్ కైట్లీ. ఆపియాలో పుట్టి చిన్నప్పుడే న్యూజిలాండ్ వచ్చినవాడు, ఇక్కడి సమోవన్ల హాస్యాన్ని నాటకాల్లోనూ టీవీలోనూ నిలబెట్టిన నలుగురైదుగురిలో ఒకడు. మా వరసలో అతను తెర మీదకు రాగానే ముందే నవ్వు మొదలైంది, మనవాళ్ళు బ్రహ్మానందం కనిపించగానే నవ్వినట్టు.

ఇప్పుడు అసలు మాట. తావిటా కోచ్‌ను అడిగేది ఒకే ఒక్కటి. కప్పు వద్దు, గెలుపు కూడా వద్దు. ఒక్క గోల్ కావాలి. మా జట్టు ఒక్క గోల్ కొడితే చాలు.

మన సినిమాల్లో ఇలాంటి కోరిక ఎక్కడైనా విన్నారా? మన దగ్గర ఓడిపోయే జట్టు కథ అంటే ఇంటర్వెల్‌కు జట్టు కలవాలి, క్లైమాక్స్‌లో కప్పు ఎత్తాలి, ఎత్తేముందు ఆఖరి బంతికో ఆఖరి సెకనుకో హీరో ఒక్కడే అంతా చేయాలి. అందులో తప్పు పట్టడం లేదు, నేనూ ఈలలు వేసినవాణ్ణే. కానీ ఆ కథలో ఒక మాట దాగి ఉంటుంది: గెలిస్తేనే మనిషివి, గెలవకపోతే నీ ఆట లెక్కలోకి రాదు. పదో తరగతి ర్యాంకుల నుంచి మనకు నూరిపోసిందీ ఇదే. ఒక్క గోల్ చాలు అనే మనిషిని చూస్తే మనకు జాలేస్తుంది, ఆశయం లేదంటాం, ఇంతకన్నా పెద్దగా కలగనలేవా అంటాం.

నేను అలా అనుకోవట్లేదు. 57 గోల్స్ తిని తిరిగి ఒక్కటీ కొట్టని జట్టు, పదేళ్ళ పాటు, ప్రతి సాయంత్రం మళ్ళీ మైదానానికి వచ్చింది. ఆ ఆటతో ఒక్క పైసా రాదు. ఊళ్ళో అభిమానం అంతా అమెరికన్ ఫుట్‌బాల్ మీద, ఆ దీవి నుంచి ఆ ఆట పెద్ద లీగైన ఎన్‌ఎఫ్ఎల్‌కు వెళ్ళినవాళ్ళంటే ప్రాణం. సాకర్, అంటే మనం ఫుట్‌బాల్ అనేది, అక్కడ ఎవరూ పట్టించుకోని ఆట, పైగా ప్రపంచమంతా నవ్వే ఆట. అయినా వచ్చారు. గెలుపు కోసమైతే ఎప్పుడో మానేసేవారు. అలా వచ్చినవాళ్ళు ఒక్క గోల్ అడగడం చిన్న కోరిక కాదు, తమ ఆటకు తామే వేసుకున్న కొలత అది, బయటివాడు ఇచ్చిన కొలత కాదు. సినిమా పేరు కూడా అదే చెబుతుంది. చీకటి పడుతుంటే, ఇళ్ళ నుంచి పిలుపులు వస్తుంటే, స్కోరు పదికి సున్నా అయినా సరే పిల్లలు అంటారు కదా, ఇప్పుడు ఎవరు గోల్ కొడితే వాళ్ళదే మ్యాచ్ అని. వెనకటి లెక్కంతా కొట్టేసే మాట అది.

అందుకే సినిమా మధ్యకు కోచ్‌ను తీసుకొచ్చి నిలబెట్టడం నాకు గుచ్చుకుంది. మైకేల్ ఫాస్‌బెండర్ మంచి నటుడే. అతను వేసిన కోచ్ పాత్రకు కోపం, తాగుడు, విడిపోయిన భార్య, అన్నిటి కింద చనిపోయిన కూతురు. నిజ జీవితంలో కూడా రోంగెన్ సవతి కూతురు కారు ప్రమాదంలో పోయింది, ఆ దుఃఖాన్ని తేలిగ్గా తీసిపారేయను. అతను ఫోనులో కూతురి గొంతు వినే దృశ్యాలు, ఆ అమ్మాయి ఇక లేదని తెలిశాక గుర్తు చేసుకుంటే గుండె పట్టేస్తాయి. కానీ ఆ దుఃఖం కథకు ఇరుసైపోయేసరికి దీవి మొత్తం అతని గాయం మాన్పడానికి పుట్టినట్టు తయారైంది. ఊరంతా పాడుతుంది, ప్రార్థిస్తుంది, ఓర్పుగా నవ్వుతుంది, అతను బాగుపడతాడు. అప్పటికే సొంత గాయాలున్న ఊరు అది. సునామీ వచ్చి రెండేళ్ళే అయింది.

కోచ్ కథానాయకుడు కాకూడదని నా వాదన కాదు. మన హైదరాబాద్ రహీమ్ సాబ్‌నే తీసుకోండి, బడిలో పాఠాలు చెప్పిన మనిషి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి చేర్చాడు. ఆ జట్లలో ఎందరో ఆయన చేతుల్లో పెరిగినవాళ్ళు, ఆయన పక్క వీధుల వాళ్ళు. అది ఏళ్ళ తరబడి కట్టిన ఇల్లు, కోచ్ చుట్టూ కథ తిరిగితే న్యాయమే. మూడు వారాలకు వచ్చి వెళ్ళిన మనిషి చుట్టూ తిప్పితే, పదేళ్ళు ఆ మైదానంలో ఉన్నవాళ్ళు ఏమైపోవాలి?

పదేళ్ళు మోసినవాడు సలాపు. ఆ మనిషిని దగ్గరగా చూడాలంటే డాక్యుమెంటరీయే చూడాలి. 31-0 తర్వాత అతను దీవి వదిలి సియాటిల్ వెళ్ళిపోయాడు. అక్కడ ఇంట్లో వీడియో గేమ్ పెట్టుకుని అమెరికన్ సమోవా, ఆస్ట్రేలియా జట్లను ఎంచుకునేవాడట. రెండు కంట్రోలర్లూ తనే పెట్టేవాడు. ఒకటి చేతిలో. రెండోది ఎవరూ పట్టుకోకుండా పక్కన. తెర మీద ఆస్ట్రేలియా ఆటగాళ్ళు కదలకుండా నిలబడి ఉంటే, అతను ఒకదాని మీద ఒకటి గోల్స్ కొట్టుకుంటూ పోయేవాడు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ గదిలో పక్కన పడి ఉన్న ఆ రెండో కంట్రోలరే కళ్ళ ముందు కనిపించింది. అందులో దయ ఉంది, కోపం ఉంది, కామెడీ కూడా కావలసినంత ఉంది, వైటీటీ లాంటి దర్శకుడికి అంతకన్నా ఏం కావాలి? అలాంటి మనిషిని సినిమాలో పక్క పాత్రను చేశారు. ఆ పాత్ర వేసిన ఉలి లాటుకెఫు టోంగా మూలాలున్న నటుడు. టోంగా మీద గెలిచిన గోల్‌కీపర్‌గా టోంగావాడు! ఆంటీ వాళ్ళు ఈ సంగతి మీద కారులో ఇంటికి వచ్చేదాకా నవ్వుకున్నారు.

జైయా సాయెలూవా గురించి రాయకుండా ఈ వ్యాసం ముగియదు. జైయా ఫఆఫఫినే. ఆ మాటకు 'ఆడతీరున ఉండేవాళ్ళు' అని అర్థం. మగశరీరంతో పుట్టి ఆడతనంతో పెరిగేవాళ్ళు, సమోవా సమాజంలో ఎప్పటి నుంచో వాళ్ళకు పేరుంది, ఇంట్లో చోటుంది. ఈ మాటను తెలుగులో రాయబోతే చేతికి మొదట హిజ్రా అనే మాట వస్తుంది, నేను కావాలనే ఆపుకున్నాను. మన దగ్గర ఆ మాట వెనక ఇంటి నుంచి వెళ్ళగొట్టడం ఉంది, రైళ్ళలో చప్పట్లు ఉన్నాయి, చాటున అనే బూతులున్నాయి. ఫఆఫఫినే ఎక్కువగా ఇంట్లోనే ఉంటుంది, తల్లిదండ్రులను చూసుకుంటుంది, చర్చి పాటల బృందంలో పాడుతుంది. అక్కడ అంతా పూలబాటేనని కాదు, ఎగతాళి అక్కడా ఉంటుంది. కానీ తెలియని మనిషిలా చూడరు. ఆంటీ అన్నగారి ఇంట్లో ఒకరున్నారు, ఆవిడ వంట గురించి, ఆవిడ నోటి దురుసు గురించి మా కంచె దగ్గర వారానికి ఒక కథైనా వింటాను, ఆవిడ ఏమిటి అనే ప్రశ్న ఏనాడూ రాలేదు.

2011లో ప్రపంచకప్ క్వాలిఫయర్‌లో డిఫెండర్‌గా దిగిన జైయా, పురుషుల ప్రపంచకప్ క్వాలిఫయింగ్‌లో ఆడిన మొదటి ట్రాన్స్ వ్యక్తిగా చరిత్రలోకి ఎక్కింది. ఆటలో పేరు తెచ్చుకుంది కూడా మొహమాటం లేని టాకిల్స్‌తోనే. సినిమాలో ఆ పాత్ర వేసిన కైమానా కూడా ఫఆఫఫినేయే, మొదటి సినిమా, తెర మీద నుంచి కళ్ళు తిప్పుకోనివ్వదు. కానీ ఒక దృశ్యంలో కోచ్ ఆమెను రెచ్చగొట్టడానికి కావాలనే పాత పేరుతో, మగపేరుతో పిలుస్తాడు. ఆమె అతన్ని పడదోస్తుంది. ఆ తర్వాత సినిమా ఆ గాయాన్ని గబగబా కప్పేసి ఇద్దరినీ స్నేహితులను చేసేస్తుంది. థియేటర్లో ఆ క్షణాన మా వరస మొత్తం నిశ్శబ్దమైపోయింది, అప్పటిదాకా ఆగకుండా నవ్విన ఏడుగురు ఆడవాళ్ళు. ఆ నిశ్శబ్దం ఏ విమర్శకుడి వ్యాసం కన్నా నాకు ఎక్కువ చెప్పింది. దీవిలో పరాయిదనం అంటే ఏమిటో చూపించడానికి ఆ దృశ్యం పెట్టారనుకుందాం, పెట్టొచ్చు. పెట్టినప్పుడు దాని బరువు ఆ కోచ్ మోయాలి. మోసింది జైయా.

మరి ఇన్ని లోపాలు పెట్టుకుని ఎందుకు ఇష్టం అంటారా?

ఒక చోట ప్రాక్టీసు జోరు మీద ఉంటుంది, కోచ్ అరుస్తుంటాడు, ఇంతలో గంట మోగుతుంది. అందరూ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోతారు. సాయంత్రం ప్రార్థన వేళ అది, వాళ్ళు 'సా' అంటారు. ఊళ్ళల్లో గంటో శంఖమో మోగిందంటే కాసేపు వీధిలో ఎవరూ తిరగరు, ఇంటింటా పాటలు వినిపిస్తాయి. కోచ్ నోరు తెరిచి నిలబడిపోతాడు, అతనికి ఇది టైం వేస్టు. చాలామంది ఈ దృశ్యాన్ని దీవివాళ్ళ సోమరితనం మీద జోకుగా చూశారు. కానీ దర్శకుడు కెమెరాను ఎక్కడ పెట్టాడో చూడండి, నవ్వు వచ్చేది ఆగిపోయినవాళ్ళను చూసి కాదు, ఆగడం తెలియక అటూ ఇటూ చూస్తున్న ఒక్కణ్ణి చూసి. నా వరసలో వాళ్ళు సరిగ్గా అతన్ని చూసే నవ్వారు. నేనూ ఆ ఒక్కసారి, రెండు సెకన్లు ఆగకుండా, వాళ్ళతో పాటే నవ్వాను. మా తాతయ్య సంధ్యవేళ దీపం పెట్టేటప్పుడు ఇంటికొచ్చిన పెద్దమనిషి లెక్కల గురించి మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపేవాడు, మాట లేకుండా. ఆ చెయ్యి గుర్తొచ్చింది.

మ్యాచ్‌కు ముందు వేసే సివా టౌ కూడా అంతే. యుద్ధనృత్యం, మావోరివాళ్ళ హాకాకు అన్నదమ్ముడి వరస. న్యూజిలాండ్ రగ్బీ పుణ్యమా అని ప్రపంచమంతా దాన్ని ఎదుటివాణ్ణి భయపెట్టే తంతుగా చూస్తుంది. 31-0 తో ఓడిన జట్టు అది వేస్తుంటే బయటివాళ్ళకు నవ్వు రావచ్చు. పక్కనున్న జట్టు మనుషులతో ఊపిరి కలపడం కోసం, వెనకటివాళ్ళను పిలుచుకోవడం కోసం అది వేస్తారని ఆంటీ చెప్పింది, చెబుతూ వంటగదిలోనే రెండు చేతులూ తొడల మీద చరిచి చూపించింది. డెబ్బై ఏళ్ళ మనిషి. టేబుల్ మీద కప్పులు అదిరాయి.

సినిమా టోంగా మ్యాచ్ దగ్గర ఆగిపోతుంది, కానీ కథ ఆగలేదు. రెండు రోజుల తర్వాత కుక్ దీవులతో 1-1 డ్రా. ఆ తర్వాత నవంబరు 26న ఆఖరి మ్యాచ్, పక్క దేశమైన సమోవాతో, వాళ్ళ ఊళ్ళోనే. అది గెలిస్తే పదేళ్ళుగా అట్టడుగున ఉన్న జట్టు తర్వాతి రౌండుకు పోయేది. తొంభయ్యో నిమిషం దాకా 0-0. టోంగా మీద రెండో గోల్ కొట్టిన లువాని తర్వాత ఏమయ్యాడనేది కూడా సినిమా కథకు తక్కువేం కాదు. ఊరంతా ప్రాణం పెట్టే అమెరికన్ ఫుట్‌బాల్‌లోకి వెళ్ళి, 2017లో అమెరికాలోని ఎన్ఎఫ్ఎల్ జట్టు ఓక్లండ్ రైడర్స్‌కు ఎంపికయ్యాడు. ఎవరూ పట్టించుకోని ఆటలో దీవికి మొదటి గెలుపు తెచ్చిన పిల్లవాడు అందరూ కలలుగనే ఆటలోకి చేరాడు. ఎవరైనా దాన్ని సినిమాగా తీస్తే మొదటి రోజు మొదటి ఆటకు ఉంటాను.

సినిమా అయిపోయి లైట్లు వెలిగాక ఆంటీ లేవలేదు. పేర్లన్నీ పడేదాకా, మనుషులంతా వెళ్ళిపోయేదాకా తెర వైపే చూస్తూ కూర్చుంది. చీపురు పట్టుకొచ్చిన కుర్రాడు వరస చివర నిలబడ్డాడు. ఏమైంది ఆంటీ, ఏడుస్తున్నారా అని అడిగాను.

'ఏడవడం లేదు బాబూ, ఇంకా ఉందేమోనని చూస్తున్నా' అంది. 'తర్వాతి మ్యాచ్ చూపించలేదు కదా. ఆపియాలో, మా ఊళ్ళో. తొంభయ్యో నిమిషంలో మనవాళ్ళు కొట్టారు. 1-0.'

పక్కనున్న చెల్లెలు చేతిలో సంచీ కింద పెట్టి, కనుబొమలు ఎగరేసింది.